మా పల్లెలో 'మాలపల్లి'

'మాలపల్లి' అనే మాటని ఒక పుస్తకం పేరుగా నేను మొదటిసారి విన్నది బెజవాడలో, డిగ్రీ మొదటి సంవత్సరంలో. అది 1985. తాడేపల్లి నుంచి రోజూ కృష్ణ బ్యారేజీ దాటి కాలేజీకి పోయేవాణ్ణి. డబ్బులుంటే బస్సు, లేకపోతే నడక. ఆ రోజు తెలుగు మేష్టారు బోర్డు మీద 'ఉన్నవ లక్ష్మీనారాయణ, మాలపల్లి, 1922' అని రాశారు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కున నవ్వాడు. ముందు బెంచీలవాళ్ళు తిరిగి నన్ను చూశారు. మేష్టారు ఆ నవ్వుని విననట్టే "ఇది తెలుగులో గొప్ప నవల, రాసుకోండి" అన్నారు. రాసుకున్నాం. నవ్వినవాడూ రాసుకున్నాడు. పరీక్షలో వాడికి నాకన్నా ఎక్కువ మార్కులొచ్చాయి.

మేం పుట్టి పెరిగిన చోటు పేరు అది. బళ్ళో ఎవరైనా "మీ ఇల్లెక్కడ్రా?" అనడిగితే "చర్చి దగ్గర" అనేవాళ్ళం గానీ మాలపల్లె అని చెప్పేవాళ్ళం కాదు. మేం దాచుకునే పేరుని ఒక బ్రాహ్మణుడు పుస్తకం అట్ట మీద ఎందుకు వేసుకున్నాడు? ఒకే గదిలో ఆ పేరు విని ఒకడు నవ్వితే ఒకరు గొప్పదన్నారు. నాకు నవ్వూ మెప్పూ రెండూ ఎక్కలేదు. అప్పటికి కారంచేడు జరిగి కొద్ది నెలలే అయింది. పేపర్లనిండా చీరాల శిబిరం, దళిత మహాసభ. ఆ వేడిలోనే లైబ్రరీకి పోయి ఆ పుస్తకం అడిగాను. దుమ్ము దులిపి ఇచ్చారు. లావుపాటి పుస్తకం. నాకు ముందు తీసుకున్నవాళ్ళు చాలా తక్కువ. అందరూ గొప్పదంటారు గానీ ఎవరూ చదివినట్టు లేదు.

చదువుకునే తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ ఈ పుస్తకం పుట్టుక రెండు ముక్కల్లో చెబుతాను. ఉన్నవ మన గుంటూరు సీమ మనిషే. వేములూరుపాడులో 1877లో పుట్టాడు. డబ్లిన్ వెళ్ళి బారిస్టరు చదివాడు. గుంటూరులో శారదా నికేతనం పెట్టి ఆడపిల్లలకి చదువు చెప్పించాడు. పల్నాడులో పుల్లరి గొడవలు రేగిన కాలంలో అరెస్టయ్యాడు. జైల్లో కూర్చుని ఈ నవల రాశాడు. దీనికే 'సంగవిజయం' అని ఇంకో పేరు. మద్రాసు ప్రభుత్వం దీన్ని నిషేధించింది. కొన్నేళ్ళకి మార్పులతో వదిలింది. 1936లో మళ్ళీ పట్టుకుంది. 1937లో కాంగ్రెసు ప్రభుత్వం వచ్చాక గానీ పూర్తిగా వదల్లేదు. ఒక మాల కుటుంబాన్ని కథకి నడిమధ్యలో నిలబెట్టి, కూలీల తగవుని నవల చెయ్యడం ఆనాడు చిన్న సంగతి కాదు. ఈ మాట ముందే చెప్పి ఆ తరవాతే నా తగాదా చెబుతాను.

1986 వేసవి సెలవుల్లో ఆ పుస్తకం ఇంటికి తెచ్చాను. ఒక్కణ్ణే చదువుకుందామనుకున్నాను. మా నాన్న చూసి "ఏందిరా అది, బైబిలంత ఉంది?" అన్నాడు. పేరు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. "మన గురించా? అయితే అందరికీ ఇనపడేట్టు చదువు" అన్నాడు. అట్టా మొదలైంది. రాత్రిళ్ళు అన్నాలు తిన్నాక చర్చి ముందు వీధిలైటు కింద నేను చదివేవాణ్ణి. మా నాన్న, పెదనాన్న, మా అమ్మ, మా అక్క, ఇరుగుపొరుగు ఓ పదిమంది. మాదిగపల్లె నుంచి నా నేస్తగాడు. వాడు పదో తరగతి దాకా నాతో చదివి, ఆపేసి, సిమెంటు బస్తాలు మోసే పనికి పోతున్నాడు. నెల పైనే పట్టింది.

మా క్లాసులో ఆ నవల కష్టమని అన్నవాళ్ళని అడిగితే ఏం చెప్పేవాళ్ళంటే, అందులోని జనం మాటలు అర్థం కావు, వేదాంతం మాత్రం ఫరవాలేదు అనేవాళ్ళు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ వేదాంతం రోజూ వినపడుతుంది. మా పల్లెలో సరిగ్గా తిరగబడింది. గుంటూరు జనం మాట రాగానే మా వాళ్ళు నవ్వేవాళ్ళు, తలలూపేవాళ్ళు. మా ముసలమ్మ ఒకామె "ఈయన మనోళ్ళింటి చూరు కింద కూచుని రాశాడా ఏంది?" అంది. రామదాసు తత్త్వం మొదలవగానే పిల్లలు నిద్రపోయేవాళ్ళు, పెద్దవాళ్ళు చుట్టలు ముట్టించేవాళ్ళు. అంటే కష్టం పుస్తకంలో ఒక్కచోటే లేదు. చదివేవాడు ఏ ఇంటి నుంచి వచ్చాడో దాన్నిబట్టి మారింది. 'ఈ నవల కష్టమైనది' అని విమర్శకుడు రాస్తే ఎవరికి కష్టమని అడగాలని నాకు ఆ వీధిలైటు కిందే తెలిసింది.

మా పెదనాన్న సంఘంలో ఉపదేశి. ఆయనకి రామదాసు నచ్చాడు. "మన తాతలు కొందరు దాసరులేరా. తంబుర పట్టుకుని తత్త్వాలు పాడేవాళ్ళు. క్రీస్తు రాకముందు మనకి ఏమీ తెలవదనుకోమాకు" అన్నాడు. ఉపదేశి నోట ఆ మాట రావడం నాకు వింతగా ఉండింది. ఆయనే సెటిల్మెంటు భాగం దగ్గరికొచ్చేసరికి ముఖం ముడుచుకున్నాడు. నేరస్తజాతుల చట్టం పెట్టి మనుషుల్ని కట్టేసిన సెటిల్మెంట్లు మన జిల్లాలో నిజంగా ఉండేవి. స్టూవర్టుపురం అట్టా పుట్టిందే. రచయిత కోపం అబద్ధం కాదు. కానీ మా పెదనాన్న "మాకు పలకాబలపం ఇచ్చింది ఎవరు? బడిలో కూచోబెట్టింది ఎవరు? ఆ సంగతి ఈ బారిస్టరుకి కనపడలేదా?" అన్నాడు. ఒకే మనిషికి ఒకే పుస్తకంలో ఒక భాగం ఇంటిలా, ఒక భాగం పరాయిగా తోచింది.

మా అమ్మ మిరపకాయ కోతలకి పోయేది. కోతలయ్యాక కళ్ళాల్లో తాలుకాయలు ఏరేది. చేతుల మంటకి ఆముదం రాసుకుని కూచుని వినేది. చౌదరయ్య ఇంటి కోడలు కమల తన ఇష్టంతో ఇల్లు విడిచి మోహనరావుతో పోతుంది. ఉన్నవ ఆమెని తిట్టడు. ఆనాటి లెక్కలో అది పెద్ద గుండె. రామదాసు కూతురు జ్యోతి కూడా ప్రేమిస్తుంది, కానీ ఆమె బతికి బయటపడదు. మా అమ్మ విని అంది: "ఆయమ్మకి పోవడానికన్నా ఒక దోవ ఉంది. ఈ పిల్లకి ఏం దోవ ఉంచాడు?" నేను జవాబు చెప్పలేకపోయాను. మా అక్క మాత్రం "అది రాసినాయన తప్పు కాదులేమ్మా, మనకి నిజంగానే దోవ లేదుగా" అంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే చాలా, లేని దోవ చూపించాలా? తరవాతి రోజుల్లో ఈ సంగతి మీద పెద్దపెద్ద వ్యాసాలు చదివాను. మా అమ్మా అక్కా తాలుకాయ మంట చేతులతో తగాదాపడిందీ దాని గురించే.

మా నాన్న చిన్నప్పుడు ఒక ఆసామి దగ్గర జీతం ఉన్నాడు. ఆ ఇంట్లో గింజలు ఇచ్చే కుంచం వేరు, పుచ్చుకునే కుంచం వేరు. నవల్లో కూలి తగవు వచ్చినప్పుడు ఆయన పుస్తకం వైపు జరిగి కూచున్నాడు. "ఇది నిజం. ఇది నిజం" అంటానే ఉన్నాడు. రామదాసుని గురించి అడిగితే పెదవి విరిచాడు. "ఆయనకి పొలం ఉండేది గదా. మనకి సెంటు లేదు. పోగొట్టుకున్నవాడికి వేదాంతం వస్తది, ఎప్పుడూ లేనోడికి ఆకలే" అన్నాడు.

చౌదరయ్య చేతి దెబ్బకి సంగదాసు చనిపోయిన భాగం చదివిన రాత్రి అందరూ నోరు మెదపలేదు. మా నాన్న అడిగింది ఒకటే: "కేసేమైంది?" ముందు పేజీలు తిరగేసి చూశాను. హంతకుడికి శిక్ష పడదు. రామదాసు ఓర్చుకుంటాడు. మా నాన్న లేచి నిలబడ్డాడు. "ఇది కారంచేడు గదరా! అరవై నాలుగేళ్ళ కింద రాసినా అదే కథ. మనోళ్ళని ఇట్టాగే గదా చంపింది" అన్నాడు.

అప్పుడు నా నేస్తగాడు మెల్లిగా అన్నాడు: "బాబాయ్, కారంచేడులో సచ్చింది మాదిగోళ్ళు. మనోళ్ళంటున్నావు, బానే ఉంది. మరి ఈ పుస్తకంలో మా పల్లె ఏది?"

ఎవరో "మీకింకోటి రాయించుకోండి రా" అన్నారు. నవ్వులు. నేనూ నవ్వాను.

మర్నాటి నుంచి వాడు రాలేదు. మా నాన్న కూడా రాలేదు. మా నాన్న ఎందుకు రాలేదో నాకు తెలుసు, రామదాసు ఓర్పు ఆయనకి పడలేదు. వెంకటదాసు సంతానుల్ని కూడగట్టి ఉన్నోళ్ళని దోచి లేనోళ్ళకి పెట్టే భాగం వస్తుందని చెబితే మళ్ళీ వచ్చి కూచున్నాడు. నేస్తగాడి దగ్గరికి మాత్రం నేను పోలేదు. ఎందుకు రావట్లేదని అడగనూ లేదు. క్లాసులో వెనక బెంచీ నవ్వు సంవత్సరం పాటు నన్ను పొడిచింది. అదే నవ్వు నేను నవ్వానని గుర్తించడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఆ వేసవి అయ్యాక పుస్తకం తిరిగిచ్చేశాను గానీ తగాదా తిరిగివ్వలేదు. 1991 ఆగస్టు 6న మా జిల్లాలోనే చుండూరు జరిగింది. ఎనిమిది మందిని నరికారు. ఈసారి చనిపోయింది మాలలు. తరవాతి కథ కూడా చెప్పాలి. చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో శిక్షలు పడ్డాయి. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. "కేసేమైంది?" అనే మా నాన్న ప్రశ్నకి నవల్లో దొరకని జవాబు బయటా దొరకలేదు. 'మాలపల్లి పాతబడింది' అనేవాళ్ళకి నేను ఈ రెండు తారీఖులు చూపిస్తాను.

తొంభైల్లో దళిత విమర్శ ఈ నవల మీదకి మళ్ళింది. జాతీయోద్యమ నవల అని పొగిడినవాళ్ళు ఒకవైపు. వర్గపోరాటానికి తొలి పొద్దు అన్న కమ్యూనిస్టులు ఇంకోవైపు. దళితుల్ని ఓర్చుకోమని చెప్పే సంస్కరణ పుస్తకం అని మనవాళ్ళు. నేనూ ఆ మూడో గుంపులో నిలబడి మాట్లాడాను. నా వాదన ఇది. ఈ నవల్లో ఎదిరించినవాళ్ళు పోతారు. సంగదాసు దెబ్బకి పోతాడు. వెంకటదాసు జైలుపాలై పోతాడు. ఓర్చుకున్నవాడు మిగులుతాడు. సంగదాసు పేరు మీద సంగపీఠం లేస్తుంది గానీ దాన్ని లేపడానికి రామానాయుడి మంచితనం కావాల్సి వస్తుంది. దొర కొడుకు మంచోడైతే తప్ప మాలపల్లె కథ ముందుకి కదలదా?

కదులుతుంది. అప్పటికే కదిలింది. నవల రాకముందు అయిదేళ్ళకి, 1917లో, మా తాడేపల్లికి ఏటి అవతల బెజవాడలోనే పంచములు మహాసభ పెట్టుకున్నారు. భాగ్యరెడ్డివర్మ అధ్యక్షుడు. పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని తమకి తామే పేరు పెట్టుకున్నారు. 'మాకొద్దీ నల్లదొరతనం' అని కుసుమ ధర్మన్న ఎలుగెత్తింది కూడా ఇంచుమించు నవల కాలంలోనే. జనం తమ పేరు తామే మార్చుకుంటున్న రోజుల్లో ఉన్నవ పాత పేరునే అట్ట మీద వేశాడు. ఆయన మనసు మంచిది. మా పల్లె దాకా నడిచొచ్చాడు. మా మాట విన్నాడు, రాశాడు. మా సభ మాత్రం ఆయన కథలోకి రాలేదు.

ఈ వాదన ఇప్పటికీ తప్పనుకోను. కానీ అది సగమే. మిగతా సగం నా నేస్తగాడు 1986లోనే అన్నాడు.

1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మోగింది. మాదిగలకి మాదిగల వాటా కావాలన్నారు. నా నేస్తగాడు అందులోకి పోయాడు. నేను వర్గీకరణకి ఎదురు మాట్లాడాను. దళితుల్ని చీలుస్తున్నారని కరపత్రాలు కూడా రాశాను. కరపత్రంలో 'మనం' అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మా నాన్న కారంచేడుని 'మనోళ్ళు' అన్నట్టే. చావు వచ్చినప్పుడు మనం ఒకటి. ఉద్యోగం వచ్చినప్పుడు లెక్క వేరు. ఆ లెక్క ఎవడో ఒకడు అడిగితే వాడు చీల్చేవాడు. ఉన్నవకి మా సభ కనపడలేదని నేను ఏళ్ళ తరబడి ఉపన్యాసాలు చెప్పాను. పక్క పల్లెలో నాతో చదివినవాడు ఎందుకు బడి మానేశాడో మాత్రం ఒక్కసారీ అడగలేదు.

2000లో వేముల ఎల్లయ్య 'కక్క' వచ్చింది. తెలంగాణ మాదిగ పలుకుబడిలో రాసిన నవల. ఆ ఏడే కళ్యాణరావు 'అంటరాని వసంతం' కూడా వచ్చింది. రెండోది నేను రెండు రాత్రుల్లో చదివాను. జ్ఞాపకాల్లోంచి వెనక్కీ ముందుకీ తిరిగే కథ అయినా నాకు అడ్డం రాలేదు. మా తాతలూ అవ్వలూ అందులో కనపడ్డారు. 'కక్క' మాత్రం ఇరవై పేజీల దగ్గర ఆగిపోయింది. ఒక మీటింగులో నా నేస్తగాడు కనపడి "చదివావా?" అన్నాడు. "భాష కొరుకుడు పడలా. మరీ కష్టంగా రాశాడు" అన్నాను.

వాడు నవ్వలేదు. "రామదాసు వేదాంతం అర్థమయేదాకా నెలరోజులు చదివావు. వీధిలైటు కింద చదివావు. ఇదెందుకు అర్థం కాలా?" అన్నాడు.

నవలకి రకరకాల స్పందనలు వచ్చాయని విమర్శకులు రాస్తారు. కొందరికి నచ్చింది, కొందరికి నచ్చలేదు, కొందరికి కష్టమైంది అని జాబితా వేస్తారు. ఇది రుచుల తేడా అన్నట్టు వదిలేస్తారు. కాదు. మా పల్లెలో ప్రతి మనిషీ ఒక్కో పేజీ దగ్గర ఆగాడు. పెదనాన్న సెటిల్మెంటు దగ్గర, అమ్మ జ్యోతి దగ్గర, నాన్న కేసు దగ్గర. నేస్తగాడు అట్ట మీద పేరు దగ్గరే ఆగాడు. ఆగిన ప్రతిచోటా ఒక బతుకు ఉంది. పుస్తకం వాళ్ళని బయట నిలబెట్టిన చోటు అది. నేను 'కక్క' దగ్గర ఆగింది అటువంటిది కాదు. నన్నెవరూ బయట నిలబెట్టలేదు. నేనే గడప దాటి లోపలికి పోలేదు. ఆగడంలో ఈ రెండు రకాలున్నాయి. ఓపిక చాలక ఆగి దానికి 'కష్టమైన నవల' అని పేరు పెట్టడం మా క్లాసు ముందు బెంచీలవాళ్ళ పని. ఆ పని నేనూ చేశాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసిన వర్గీకరణ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం, వర్గీకరణ చేసుకునే హక్కు రాష్ట్రాలకి ఉందని తేల్చింది. ఆ సాయంత్రం మా వాళ్ళు కొందరు ఫోన్లు చేసి వ్యాసం రాయమన్నారు. రాయలేదు. ముప్పై ఎనిమిదేళ్ళకి నేస్తగాడి ఇంటికి పోయాను. తాడేపల్లి గుర్తుపట్టలేనట్టు మారింది. అపార్టుమెంట్లు, పెద్దవాళ్ళ బంగళాలు. రెండు పల్లెలు మాత్రం పేర్లు మార్చుకుని అక్కడే ఉన్నాయి. సంచిలో కొత్తగా కొన్న 'మాలపల్లి' ఉంది. "ఆ రోజు నవ్వాను. తప్పు" అన్నాను. వాడు "గుర్తుందే నీకు!" అన్నాడు. కాఫీ తెప్పించాడు. వర్గీకరణ మీద మేం ఇప్పటికీ అన్నిట్లో ఒప్పుకోలేదు. ఆ రోజూ గంట తగాదాపడ్డాం.

'మళ్ళీ చదువుదామా?' అని పుస్తకం తీశాను. వాడు దాన్ని పక్కన పెట్టి లోపల్నుంచి 'కక్క' తెచ్చాడు. "ముందు ఇది. ఆ తరవాత నీది" అన్నాడు. డిగ్రీ చదివే మనవరాలు గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆ పిల్లకీ తెలంగాణ మాట కొత్తే. తడబడుతూ, మళ్ళీ వెనక్కి పోయి చదువుతా ఉంది. అర్థంగాని మాట దగ్గర ముగ్గురం ఆగి ఏమయ్యుంటుందని అడుక్కుంటున్నాం. నాకు ఇరవయ్యో పేజీ దాటింది.